యర్రగుంట్ల పేరయ్య చరిత్రము

తన పెద్దలను మరచిన జాతి తన యింటి దీపమును తానే ఆర్పుకొనిన దగును. మన పూర్వులకు రాగిశాసనములు లేవు, రాతి స్తంభములు లేవు, ఆస్థానకవులు లేరు. మన కథలను చిందువారును డక్కలివారును నోటను నిలిపిరి. జాంబవంతుని మొదలుకొని అరుంధతి వఱకు గల పురాణమును వారు వాడవాడల నాడి పాడిరి గనుకనే అది నేటికిని మన బిడ్డల చెవిని బడుచున్నది. కాని పురాణకాలపు పెద్దలను మాత్రమే తలచి, నిన్న మొన్నటి పెద్దలను మరచుట న్యాయము కాదు. కావున ఈ మహాసభ సంచికయందు, పందొమ్మిదవ శతాబ్దమున తెలుగుదేశమున వెలసిన మాదిగ పెద్దయగు యర్రగుంట్ల పేరయ్యగారి చరిత్రమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందు బాప్తిస్టు సంఘమను మాట వినినంతనే పలువురు అది సముద్రములు దాటివచ్చిన దొరలు మనకిచ్చిన దానమని తలతురు. అది సగము నిజము. తక్కిన సగము నిజమేమనగా, ఆ దొరలు ముప్పది సంవత్సరములు వాకిట నిలిచి తలుపు తట్టియు లోనికి రాజాలకపోయిరి. ఆ తలుపును లోపలినుండి తెఱచినవాడు తోళ్ల వర్తకము చేసికొను ఒక మాదిగ. ఆయనయే పేరయ్య. క్రైస్తవులైనను కాకున్నను, ఈ సంగతి మన కులమువారందఱును ఎఱుగదగినది.

మొదట నాటి స్థితిని కొంచెము చెప్పవలెను. అమెరికా బాప్తిస్టు మిషనువారిలో మొదటివాడగు శామ్యూల్ డే దొరగారు 1836 లో ఇండియాకు వచ్చి, 1840 లో నెల్లూరున నిలిచిరి. 1849 లో లైమన్ జ్యూయెట్ దొరగారు వారిని కలిసిరి. ఇన్ని యేండ్లు పాటుపడినను సంఘమున చేరినవారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది మాత్రమే. 1853 లో ఈ పనిని మానివేయుదమా యని అమెరికాలోని పెద్దలు సభలో తర్కించిరి. దేశపటమున ఒంటిగా మెఱయు నెల్లూరును చూచి దానిని ఒంటరి నక్షత్రమని అక్కడివారు పిలువసాగిరి. 1854 జనవరి 1 వ తేదీ వేకువను జ్యూయెట్ దంపతులును, వారితో కొలదిమంది తెలుగువారును ఒంగోలు కొండనెక్కి ప్రార్థించిరి. ఆ కొండకు నేటికిని ప్రార్థన కొండయను పేరు గలదు. ఐనను ఆ తరువాత పండ్రెండు సంవత్సరముల వఱకు ఒంగోలునకు దొర రాలేదు.

ఆ కాలముననే ఒంగోలునకు పడమట 40 మైళ్ల దూరమున తాళ్లకొండపాడను పల్లెలో పేరయ్య నివసించుచుండెను. ఆయన బడిలో చదివినవాడు కాడు. నాడు మాదిగ బిడ్డను చేర్చుకొను బడియు లేదు. తోళ్లు కొని అమ్ముట ఆయన వృత్తి. కాని ఆయన మనస్సు లందలోని తోళ్లతోను సంతలోని బేరములతోను తృప్తినొందెడి మనస్సు కాదు. దేవుడెవ్వడు, ఆత్మయేమి, చచ్చిన పిమ్మట గతియేమి యను విచారము ఆయనను వెన్నాడుచుండెను.

మాదిగవాడలో ఇట్టి విచారమా యని ఆశ్చర్యపడువారు మన చరిత్ర నెఱుగనివారు. పోతులూరి వీరబ్రహ్మముగారి శిష్యులలో కక్కయ్య మన కులమువాడే కదా. గుడి గడప తొక్కనీయకున్నను మనవారు గురువులను వెదకికొనిరి. ఏటిగట్టున, చెట్టుక్రింద, రాత్రివేళల కూర్చుండి తత్త్వములు పాడుకొనిరి. రాజయోగ మార్గము ఆ ప్రాంతపు మాదిగలలో బాగుగా వ్యాపించియుండెను. పేరయ్యకు ఆ యోగమును బోధించినది వీరమ్మయను స్త్రీ గురువు. ఒక మాదిగ పురుషుడు ఒక స్త్రీ పాదములకడ కూర్చుండి యోగము నభ్యసించుట నాటి లోకమున ఎంత వింతయో ఆలోచింపుడు. విగ్రహములందు దేవుడు లేడు, దేవుడు ఒక్కడే, ఆయన ఆత్మస్వరూపుడు అను మాటలు ఆయన మొదట వినినది ఆమెవలననే. ధ్యానము నేర్చిన పేరయ్య కాలక్రమమున తానును గురువై, బంధువులకును చుట్టుపట్ల పల్లెలవారికిని బోధించుచుండెను. అనగా ఆయన క్రైస్తవుడు కాకమునుపే పెద్దమనిషి, నలుగురు మాట వినెడి మనిషి.

ఐనను ఆయనకు శాంతి కలుగలేదు. తోళ్ల వర్తకమునకై ఉత్తరదేశమునకు పోయినపుడు ఏలూరు ప్రాంతమున క్రైస్తవ బోధ ఆయన చెవిని బడెను. తన గురువువలన విన్న ఒక్కడే దేవుడను మాటయు, ఈ క్రొత్త బోధయు ఆయన మనస్సులో ఒకదానితో నొకటి కలిసికొనెను. ఒంగోలునకు త్వరలో బోధకులు రానున్నారను వార్తయు ఆయనకు తెలిసెను. ఇంటికి మరలివచ్చి, విన్నదానిని భార్యయగు నాగమ్మకును బంధువులకును చెప్పెను. విగ్రహముల పూజను మానెను. ఏ దొరయు, ఏ ఉపదేశియు తాళ్లకొండపాడునకు రాకమునుపే అచ్చట ఒక చిన్న గుంపు ఏర్పడెను. ఇది మిగుల ముఖ్యమైన సంగతి.

1865 లో జాన్ ఎవరెట్ క్లవ్ దొరగారు నెల్లూరునకు వచ్చిరి. ఆయన 1836 లో న్యూయార్కు రాష్ట్రమున పుట్టి, పడుచుతనమున భూముల కొలత పనిచేసినవారు. న్యాయవాది కావలెనని తలచి, ఆ తలంపు మాని బోధకులైనవారు. 1866 లో జ్యూయెట్, క్లవ్ దొరగార్లు ఒంగోలున నున్నపుడు పేరయ్యయు నాగమ్మయు నడచివచ్చి వారిని కలిసికొనిరి. దొరలు వారిని ప్రశ్నించిరి. మాదిగవాడనుండి వచ్చిన ఈ దంపతుల జ్ఞానమునకును భక్తికిని వారు విస్మయమొందిరి. పేరయ్యయు నాగమ్మయు బాప్తిస్మము పొంది తమ పల్లెకు మరలిపోయిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో క్లవ్ దొరగారు కుటుంబముతో ఒంగోలున కాపురమేర్పరచుకొనిరి. 1867 జనవరి 1 వ తేదీన 8 మంది సభ్యులతో ఒంగోలు సంఘము స్థాపితమయ్యెను.

పేరయ్య ఊరకుండలేదు. పల్లెనుండి పల్లెకు, చుట్టమునుండి చుట్టమునకు తిరిగి తాను పొందినదానిని పంచిపెట్టెను. మాదిగవాడలలో ఆయన కడ్డు లేదు. ఏ యింటికి పోయినను ఏదో ఒక వరుస కలియును. దొరకు పది సంవత్సరములు పట్టు దారి చుట్టమునకు పది దినములు పట్టును. ఆ జనవరిలోనే ఆయన పిలుపుపై క్లవ్ దొరగారు తాళ్లకొండపాడునకు వెళ్లిరి. చింతతోపులో డేరా వేసిరి. చుట్టుపట్ల పల్లెలనుండి జనులు నెత్తిన బియ్యపు మూటలతోను, మార్చుకొనుటకు గుడ్డలతోను వచ్చిరి. బాప్తిస్మము పొందియే తిరిగిపోవలెనని వారు ఇంటనే నిశ్చయించుకొని వచ్చిరన్నమాట. అయిదు దినములు వినికిడియు విచారణయు జరిగెను. తుదకు 28 మంది బాప్తిస్మము పొందిరి. ముప్పది సంవత్సరములలో కానిది ఒక వారములోపల నయ్యెను.

ఈ సమయముననే ఒంగోలున ఒక పరీక్ష యేర్పడెను. పట్టణములోని పై కులములవారు తమ పిల్లలను దొరగారి బడికి పంపుచుండిరి. కొందఱు ఆ మతమునందు అభిమానమును కనబఱచుచుండిరి. మాదిగలను చేర్చుకొనుచున్నారని తెలిసినంతనే వారు వచ్చి, వీరిని రానిచ్చినచో మేము రాజాలమని స్పష్టముగా చెప్పిరి. చదువును, ధనమును, పలుకుబడియు గలవారు ఒకవైపు. గోచిగుడ్డలతో నిలిచిన మనవారు మఱియొకవైపు. దొరగారును దొరసానిగారును వేఱువేఱు గదులలో కూర్చుండి బైబిలు తెఱవగా, ఇద్దఱికిని కొరింథీయుల పత్రికలోని ఒకే అధ్యాయము, లోకమున నీచులని యెంచబడినవారినే దేవుడు ఏర్పఱచుకొనెనను భాగము, కంటబడెనని వారు తరువాత చెప్పుచుండిరి. మాదిగలను త్రోసివేయరాదని నిశ్చయించుకొనిరి. బడి ఖాళీ అయ్యెను. ఆ దినమున వారు వేఱువిధముగ తలచియున్నచో, పేరయ్య పాటు అంతయు నీటబోసిన పన్నీరయ్యెడిది. కాని పేరయ్యయు ఆయన వెంట వచ్చినవారును ముందుగా వచ్చి వాకిట నిలిచియుండనిచో, ఆ దొరలకు ఆ పరీక్షయే కలిగియుండెడిది కాదు.

ఇక పల్లెలలో నేమి జరిగెనో వినుడు. సంఘమున చేరినవారు మూడు నియమములను పాటింపవలసియుండెను: ఆదివారమున పని మానుట, చచ్చిన గొడ్డు మాంసమును తినకుండుట, విగ్రహములను కొలువకుండుట. వినుటకు ఇవి చిన్నవి. కాని గ్రామపు కట్టుబాటునకు ఇవి గొడ్డలిపెట్టులు. ఊరి మాదిగ ఊరి సొత్తు. కపిలకు బొక్కెన కుట్టవలెను; కాపునకు చెప్పులు కుట్టవలెను; చచ్చిన గొడ్డును లాగవలెను; పోలేరమ్మ కొలుపునకు తప్పెట కొట్టవలెను; అధికారి వచ్చినచో మూట మోయవలెను. ఇందులకు ప్రతిఫలము కళ్లమున దొరకు మేర గింజలు. మన తెలంగాణమున మోట బొక్కెన కుట్టిన తాతలు గలవారికి ఈ సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఆదివారము పని మానుదుననుట, కొలుపునకు తప్పెట కొట్టననుట మతవిషయముగా మాదిగకు తోచెను. తిరుగుబాటుగా ఊరి పెద్దలకు తోచెను. ఇరువురి తోపును నిజమే.

కావున కష్టములు వచ్చెను. బావినీరు ఆపిరి, పశువులను బీళ్లకు రానీయరైరి, పని యియ్యరైరి, చాకలి గుడ్డలుతుకరాదనిరి, కొన్నిచోట్ల దొంగతనము మోపి ఠాణాకు పంపిరి. కడుపు గ్రామముచేతిలో నున్నవాడు ఎన్నిదినములు నిలువగలడు? కొందఱు వెనుకకు తగ్గిరి. పెక్కుమంది నిలిచిరి. అట్టివేళల పేరయ్యవంటి పెద్దల విలువ తెలిసెను. దొరగారు అధికారులకు వ్రాసి న్యాయము జరిపింపగలరు. కాని రాత్రివేళ వాడలో కూర్చుండి, ఏడ్చు ఆలుబిడ్డల నోదార్చి, రేపును నిలువుడని చెప్పగలవాడు వాడలోనివాడే. పేరయ్య అట్టివాడు. ఆయన తనవారిని వాడ విడిచి దొరగారి ఆవరణలో కాపురముండుడని చెప్పలేదు. క్రైస్తవులైనవారు తమ పల్లెలలోనే, తమ యిండ్లలోనే, తమ చుట్టములమధ్యనే నిలిచిరి. తమ వృత్తిని చేసికొనుచునే యుండిరి. ఈ విధానమువలననే సంఘము వాడవాడకు ప్రాకెను. 1870 నాటికి సభ్యులు వేయికి మించిరి. బంగారపు తాతయ్య మొదలగు మాదిగ బోధకులు తయారైరి. 1870 తరువాత రామాయపట్టణమున బోధకులకు వేదపాఠశాల నెలకొనెను. అక్షరమును చేతబట్టిన మాదిగల తొలితరమువారిలో పెక్కుమంది అట్టి బళ్లలోనే చదివిరి.

ఇంతలో 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును దహించిన గొప్ప కఱవు వచ్చెను. పశువులు చచ్చెను, బావులెండెను, వాడలలో దీపము పెట్టువారు లేకపోయిరి. ప్రభుత్వమువారు బకింగుహాము కాలువను త్రవ్వించుచుండిరి. క్లవ్ దొరగారు తాము పూర్వము నేర్చిన కొలతపనిని గుర్తునకు దెచ్చుకొని, మూడున్నర మైళ్ల కాలువను కంట్రాక్టు పట్టిరి. బోధకులు మేస్త్రీలైరి. తాటాకు గుడిసెలలో దిగిన వేలకొలది కూలీలు పగలు తట్టలు మోసి, సాయంకాలము తమ కులపు బోధకుల చెంత కూర్చుండి మాటలు వినిరి. కూలి ఏ చేతికి తగ్గింపక యిచ్చుచోటు ఆ కఱవులో అరుదుగా నుండుటచే, ఆ పేరు పల్లెలకు ప్రాకెను.

కూటికొఱకు మతము మార్చిరను నింద నాటినుండియు వినబడుచున్నది. దీనికి ఉత్తరము తేదీలే చెప్పును. కఱవు సాయము జరుగుచున్న పదునైదు నెలలును క్లవ్ దొరగారు ఒక్కరికైనను బాప్తిస్మ మియ్యలేదు. అడిగినవారిని వేచియుండుడనిరి. సాయపు సొమ్ము ముగిసిన పిమ్మటనే, 1878 జూనులో మరల ప్రారంభించిరి. ఒంగోలునకు ఉత్తరమున 10 మైళ్ల దూరమున గుండ్లకమ్మ యొడ్డున నున్న వెల్లంపల్లికి జనులు కూడివచ్చిరి. జూలై 2 వ తేదీన 614 మందియు, 3 వ తేదీన 2,222 మందియు, 4 వ తేదీన 700 మందియు, మూడు దినములలో మొత్తము 3,536 మంది బాప్తిస్మము పొందిరి. ఆ 3 వ తేదీన ఏటిలో నిలిచి బాప్తిస్మ మిచ్చినవారు దొరలు కారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కొక్కసారి ఇద్దఱు చొప్పున, ఉదయమునుండి సాయంకాలము వఱకు నీటనుండిరి. ఆకలి మనుష్యుని చెవి తెఱచుననుట సత్యమే. కాని తెఱచిన చెవిలో పడిన మాట పదునొకండు సంవత్సరములనుండి పేరయ్యయు ఆయన తోడివారును నాటుచు వచ్చినదే.

1882 నాటికి ఒంగోలు సంఘసభ్యులు 20,000 మందికి మించిరి. అటుపిమ్మట కంభము, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల మొదలగుచోట్ల వేఱు స్థానము లేర్పడెను. ఈ యలయే నిజాము రాజ్యమునకును పొంగివచ్చెను. 1879 లో హనుమకొండయందు అమెరికా బాప్తిస్టువారి స్థానము నెలకొనెను. మన ప్రాంతమునకు ఆగ్నేయముగా నున్న స్థానమది. కరీంనగర ప్రాంతమున వెస్లియను మిషనువారు బళ్లును వైద్యశాలలును నడిపిరి. ఏ మిషను పేరైనను వాడలోనికి దారి తీసినది మాత్రము ఒకటే: చుట్టము చుట్టమునకు చెప్పిన మాట.

క్లవ్ దొరగారు 1910 లో అమెరికాలో కాలధర్మము నొందిరి. ఆయన గొప్పతనమును తగ్గించుట మన యుద్దేశము కాదు. ఆయనయే తన జీవితకథలో పేరయ్యకు పెద్దపీట వేసెను. ఆయన భార్య ఎమ్మా రోషెన్‌బుష్ క్లవ్ దొరసానిగారు మాదిగ పెద్దలచెంత కూర్చుండి వారి పూర్వకథలను వినిపించుకొని, 1899 లో వైల్ సూయింగ్ శాండల్స్ అను గ్రంథమును లండనున ప్రకటించిరి. చెప్పులు కుట్టుచున్న వేళ అని దాని భావము. పేరయ్య కథయు, వీరమ్మ కథయు నేడు మనకు దక్కుటకు ఆ గ్రంథము ముఖ్యకారణము. మన తాతల మాటలను చదువుకొనుటకు మనము పరభాషా గ్రంథమును ఆశ్రయింపవలసి వచ్చినదే యను కొఱత మాత్రము మన మనస్సులను కలచకపోదు. ఆ కొఱతను తీర్చుట మన చేతిలోని పని.

సోదర సోదరీమణులారా! పేరయ్య చరిత్రమునందు మనము గ్రహింపదగినవి మూడు గలవు. మొదటిది, ఆయన జ్ఞానమును దొరలయొద్ద ఎరువు తెచ్చుకొనలేదు. తన వాడలో, తన గురువుచెంత తానే వెదకికొని, పిమ్మట పరదేశపు బోధను తన త్రాసున తూచి గ్రహించెను. రెండవది, ఆయన తన కులమును విడిచి మేలు పొందలేదు. కులముతో నిలిచి మేలు పొందెను. మూడవది, తప్పెట కొట్టననుటకును, నీచపు కూడు తిననుటకును, వారమున కొకదినము నాదనుటకును నాడు ప్రాణములకు తెగింపవలసియుండెను. నేడు మనము హక్కులని పలుకు మాటకు అవి తొలి యక్షరములు.

ఇందు మఱియొక చేదు నిజమును గలదు. పేరయ్య బాటను నడచినవారి సంతతి, 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ననుసరించి, షెడ్యూల్డు కులముల జాబితాకు వెలుపల నున్నది. మన రాష్ట్రమున వారు వెనుకబడిన తరగతుల సి వర్గమున లెక్కింపబడుచున్నారు. ఒకే తాత మనుమలలో ఒకడు జాబితాలోపల, ఒకడు వెలుపల. చట్టము వేఱుచేసినను, పెండ్లిపందిళ్లలోను చావుపాడెలవద్దను మనము వేఱు కాము. బావినీరు ఆపిననాడు గుడికి పోవు మాదిగయని, చర్చికి పోవు మాదిగయని ఎవ్వరును విచారింపలేదు. కావున ఈ సభలో కూర్చున్న మనము సయితము ఆ విచారణ చేయకుందము గాక.

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెలలో ఇంకను ముసలివారు గలరు. తమ తాతలు ఎప్పుడు, ఎవరి మాట విని, ఏ చెట్టుక్రింద తొలిప్రార్థన చేసిరో, ఏ కొలుపులో తప్పెట క్రింద పెట్టిరో వారికి తెలియును. పోషకులును విద్యావంతులగు యువకులును పూనుకొని, వారి మాటలను తెలుగున వ్రాసి భద్రపఱచినచో, రాబోవు మహాసభల సంచికలు నిండును. పేరయ్యకు శిలావిగ్రహ మక్కఱలేదు. విగ్రహమును ఆయన యొల్లడు. తాళ్లకొండపాడునుండి ఒంగోలునకు ఆయన నడచిన 40 మైళ్లను మన బిడ్డలు ఎఱిగియుందురు గాక. అదియే ఆయనకు తగిన స్మారకము.